బాత్రూమ్ టైల్స్ మార్పిస్తున్నారా? పాతవి తీశాక గోడ చూడకుండా ముందుకు పోనివ్వకండి

కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఇంకొకరు ఇలా నష్టపోకూడదని ఇప్పుడే రాస్తున్నాను. యాప్‌లో మంచి రేటింగ్ చూసి పెట్టుకున్న కాంట్రాక్టరే. పాత టైల్స్ తీసి, గోడ సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి కొత్తవి వేయాలన్నది ఒప్పందం. పని అయిపోయిందన్నాడు, డబ్బులు మొత్తం తీసుకున్నాడు.

షవర్ దగ్గర ఒక టైల్ కదులుతోందని వేలితో తడితే డొల్ల శబ్దం. పక్కదీ అంతే, ఆ వరుసంతా అంతే. కదిలేది ఊడదీస్తే దాని వెనక నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు, నడుమ ఒకటి. మిగతాదంతా ఖాళీ. పాత టైల్స్ వెనకుండే సిమెంటు పొరను చెక్కనే లేదు, దాని మీదే ఆ ముద్దలు అతికించాడు. ఆ పొర చేత్తో లాగితే పెచ్చులుగా వచ్చేసింది. వాటర్‌ప్రూఫింగ్ పూత ఆనవాలే లేదు.

పిలిస్తే వచ్చాడు. ఊడిన టైల్ చేతిలో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మా అత్తగారి ముందే అన్నాడు: "టైల్ వేశాక లోపలిది ఎవరు చూస్తారు మేడమ్?" తప్పయిందన్న మాటే లేదు. పైగా, మీరు నీళ్లు ఎక్కువ వాడుతున్నారట! స్నానం చేసే గది గోడ నీళ్లకు తట్టుకోవాలనే కదా ఇంత ఖర్చు పెట్టాం? మళ్లీ చేయాలంటే కొత్త రేటు మాట్లాడుకోవాలంటూ వెళ్లిపోయాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడు.

ఇప్పుడు వేరే మేస్త్రీ వచ్చి మొత్తం కొట్టేస్తున్నాడు. డొల్లగా ఉన్న ప్లాస్టరింగ్‌ని ఇటుక కనిపించేదాకా తీసేశాడు. కొత్త ప్లాస్టరింగ్‌కి కనీసం ఏడు రోజులు నీళ్లు కొట్టాలని, అది బాగా ఆరాకే వాటర్‌ప్రూఫింగ్ అని చెప్పాడు. ఆ పూత కూడా రెండు కోటింగులు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. మావి విట్రిఫైడ్ టైల్స్. అవి నీళ్లు దాదాపు పీల్చవు, ఉత్త సిమెంటు పాలు వాటిని సరిగా పట్టుకోదు. అందుకే టైల్ అడెసివ్‌ని పళ్ల తాపీతో గోడంతా పరిచి అతికించాలట. ఈ పనుల్లో మొదటివాడు ఒక్కటీ చేయలేదు. కానీ బిల్లులో మాత్రం అన్నిటికీ డబ్బు వేశాడు.

మీరు పని చేయిస్తుంటే, పాత టైల్స్ తీసిన రోజు తప్పకుండా దగ్గరుండండి. గోడంతా చిన్న సుత్తితో తట్టి చూడండి, డొల్లగా మోగిన చోట చెక్కించండి. గోడలో పైపులుంటే టైల్స్ వేసేముందే ప్రెషర్ టెస్ట్ చేయించండి, అంటే పైపుల్లో ఒత్తిడితో నీళ్లు నింపి లీకులున్నాయేమో చూడటం. టైల్స్ కొట్టేటప్పుడు నీళ్లు పోయే ట్రాప్‌కి మూత పెట్టించండి, లేకపోతే ముక్కలన్నీ అందులోకే పోతాయి. ప్రతి దశలో ఫోటోలు తీసుకోండి. వాటర్‌ప్రూఫింగ్ కళ్లతో చూసేదాకా బ్యాలెన్స్ ఇవ్వకండి.