ఈడెన్ సెంటర్: తూటికూర మొదలు టెట్ పండగ దాకా

వర్జీనియా రాష్ట్రం ఫాల్స్ చర్చ్‌లో, సెవెన్ కార్నర్స్ కూడలికి దగ్గరగా ఉన్న ఈడెన్ సెంటర్‌కు నేను 2014 నుంచి వెళ్తున్నాను. తొలి రెండేళ్లు పండగకో, చుట్టాలొచ్చినప్పుడో వెళ్లేవాడిని. ఇప్పుడు నెలకు రెండుసార్లు తప్పదు. పప్పులు, పచ్చళ్లు దొరికే మన దుకాణాలు ఇంటికి పది నిమిషాల దూరంలోనే ఉండగా, అంత దూరం కారు నడుపుకుంటూ వియత్నాం వాళ్ల బజారుకు వెళ్లడమెందుకని మిత్రులు అడుగుతుంటారు. ఆకుకూరల కోసమన్నది నా మొదటి జవాబు.

ఈ బజారు 1984లో మొదలైంది. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పతనమయ్యాక ఇటు వచ్చిన వియత్నామీయులు మొదట ఆర్లింగ్టన్‌లోని క్లారెండన్‌లో అంగళ్లు పెట్టుకున్నారు. మెట్రో రైలు పనుల వల్ల అక్కడ అద్దెలు చవగ్గా ఉండేవి. 1979లో స్టేషన్ తెరిచాక అద్దెలు పెరగడంతో ఒక్కొక్కరే ఇటు తరలివచ్చారు. పేరు కూడా సైగాన్‌లోని ఈడెన్ ఆర్కేడ్‌దే. ఇక్కడి గడియార స్తంభం అక్కడి బెన్ థాన్ మార్కెట్‌ను తలపిస్తుంది. దాపున అమెరికా జెండాతో పాటు, పసుపు మీద మూడు ఎర్ర చారలున్న దక్షిణ వియత్నాం జెండా ఎగురుతూ ఉంటుంది. ఆ దేశం లేకుండా పోయినా జెండా మాత్రం దించలేదు. సుమారు 120 దుకాణాలున్నాయి కానీ, బయటి వరస చూసి తిరిగిపోయినవారు సగమే చూసినట్టు. నగల కొట్లు, చిన్న ఫలహారశాలలు లోపలి సన్నటి నడవల్లో ఉంటాయి.

కోనసీమ నుంచి మా అమ్మ వచ్చినప్పుడు కూరగాయల దగ్గరకు తీసుకెళ్లాను. బోలు కాడలతో, పొడుగాటి ఆకులతో కట్టలు కట్టి నిలబెట్టిన ఒక ఆకుకూరను చూసి ఆవిడ ఆగిపోయి, ఒక కాడను విరిచి చూసి, "ఒరే, ఇది తూటికూర కదరా! మన కాలవలో ఊరికే పెరిగేదాన్ని ఇక్కడ డబ్బులిచ్చి కొంటున్నారా?" అని నవ్వేసింది. వియత్నామీయులు దాన్ని రావ్ ముయోంగ్ అంటారు, వెల్లుల్లి వేసి పెద్ద మంట మీద రెండు నిమిషాల్లో వేపుతారు. పప్పులో వేసుకున్నా బాగుంటుంది. అరటిపువ్వు, పచ్చి బొప్పాయి, చేమదుంపలు, నిమ్మగడ్డి మన దుకాణాల్లో కంటే ఇక్కడే తాజాగా ఉంటాయి. కాకరకాయ మాత్రం లేతాకుపచ్చగా, నున్నగా ఉండే రకం. చేదు తక్కువ, నీరు ఎక్కువ, కాకరకాయ కారానికి పనికిరాదు. చేపలు కళ్లెదుటే శుభ్రం చేసి ఇస్తారు, కానీ పులుసు ముక్కల మందం ఎంతో చేత్తో చూపించి చెప్పకపోతే వాళ్లకు నచ్చినట్టు కోసేస్తారు. బియ్యపు పలచటి రేకులు ఒక ప్యాకెట్ తప్పక కొంటాం. పూతరేకులంత సన్నగా ఉండవు గానీ, నీళ్లలో ముంచగానే మెత్తబడి ఏ కూరనైనా చుట్టుకోవడానికి అనువుగా ఉంటాయి.

భోజనం సంగతికి వస్తే, మనవాళ్లు కొన్ని మాటలు నేర్చుకొని వెళ్లడం మంచిది. "బో" అంటే గొడ్డు మాంసం, "గా" అంటే కోడి, "తోమ్" అంటే రొయ్య, "కా" అంటే చేప. ఫో అంటే బియ్యపు నూడుల్స్ వేసిన చారు. ఫో అని ఊరికే అడిగితే సాధారణంగా గొడ్డు ఎముకలు గంటల తరబడి మరిగించిన చారే వస్తుంది. ఆ మాంసం తినని మేము అడిగేది ఫో గా. శాకాహారానికి వాళ్ల మాట మన చెవికి "చాయ్" లాగే వినిపిస్తుంది. అది తెలియని రోజుల్లో అమ్మ కోసం ఒక ఫలహారశాలలో మాంసం లేని బొప్పాయి సలాడ్ అడిగాను. వాళ్లు మాంసం వేయలేదు, నిజమే. చేపల రసం వేశారు. రెండో ముద్దకే ఆవిడకు తెలిసిపోయింది, ఆ రోజంతా చెరకు రసంతో సరిపెట్టుకుంది. ఇందులో వంటవాళ్ల తప్పేమీ లేదు, సరిగ్గా అడగడం చేతకానిది నాకే. బౌద్ధులు చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనో రోజున మాంసం మానేస్తారు కాబట్టి, శాకాహారులతో వెళ్లేటప్పుడు పాడ్యమి, పౌర్ణమి చూసుకుంటాం.

నాకు నచ్చినది బాన్ సియో. పసుపు కలిపిన బియ్యప్పిండిని కొబ్బరిపాలతో జారుగా చేసి, కాలిన పెనం మీద పోస్తారు. ఆ చుయ్యిమనే చప్పుడే దాని పేరు. చూడటానికి మన అట్టులాగే ఉంటుంది కానీ పిండి పులియదు. చల్లారితే రుచి పోతుంది. ఇంటికి కట్టించుకోవద్దు. కాఫీ చిక్కదనంలో మన ఫిల్టర్ కాఫీకి తీసిపోదు, కాకపోతే డబ్బాపాల తీపి నాకు ఎక్కువే.

టెట్ అనగానే మనవాళ్లకు ఉపాధ్యాయ అర్హత పరీక్ష గుర్తుకొస్తుంది గానీ, అది వాళ్ల సంవత్సరాది. చాలా ఏళ్లలో మన పుష్య అమావాస్య దాటీ దాటగానే వస్తుంది. మన ఉగాదికి రెండు నెలలు ముందు. పసుపు పూల కొమ్మలు, జిగురు బియ్యాన్ని అరటాకులో చుట్టి గంటల తరబడి ఉడికించిన బాన్ టెట్ అప్పుడు అమ్మకానికి వస్తాయి. పెసరపప్పుతో చేసిన శాకాహారపు రకాన్ని అమ్మ రుచి చూసి, మా వైపు పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కల వాసన వస్తోందంది. డప్పుల మోతతో సింహ వేషగాళ్లు గంగిరెద్దులవాళ్లలా కొట్టు కొట్టుకూ వచ్చి నిలబడితే, యజమాని ఎర్ర కవరును సింహం నోట్లో పెడతాడు. టపాకాయల సరం పేలాక ఎర్ర కాగితం ముక్కలు మడమల దాకా పేరుకుంటాయి. ఒకసారి అంగడిలో ఒక ముసలావిడ మా అమ్మాయి చేతిలో ఎర్ర కవరు పెట్టింది. లోపల కొత్త రెండు డాలర్ల నోటు ఉంది. ఆ నోటు అదృష్టమని వాళ్ల నమ్మకమట, మా అమ్మాయి దాన్ని ఇప్పటికీ మార్చలేదు.

శరత్కాలపు పౌర్ణమి పండగ దీనికంటే చిన్నది, పిల్లల లాంతర్ల కోసం వెళ్లవచ్చు. సరుకులకైతే మామూలు రోజుల్లో ఉదయం పూట వెళ్లండి. శని, ఆదివారాల్లో పదకొండు దాటితే కారు నిలపడానికే అరగంట పడుతుంది. కొన్ని చిన్న కొట్లు కార్డులు తీసుకోవు, నగదు వెంట ఉంచుకోండి. పండగ రోజున మాత్రం నేను సరుకుల జాబితా ఇంట్లోనే వదిలి వెళ్తాను.