సెజిన్‌కోట్: కాట్స్‌వోల్డ్స్ పొలాల మధ్య నందులు

సెజిన్‌కోట్ తోటలోని వంతెన మీద నందులు కనిపించగానే అమ్మ చెప్పులు విప్పేసింది. లేపాక్షి బసవన్న ముందు ఎలా నిలబడుతుందో అలాగే నిలబడి దణ్ణం పెట్టుకుంది. చుట్టూ గొర్రెలు మేసే పచ్చిక, దేవదారు చెట్లు, సన్నటి వాన. ఇంగ్లాండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ కొండల పల్లెలో ఇది చూస్తానని నేనూ అనుకోలేదు.

ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాల్లో సంపాదించిన చార్లెస్ కాకరెల్ కోసం, ఆర్కిటెక్ట్ అయిన అన్న శామ్యూల్ 1805 ప్రాంతంలో కట్టిన ఇల్లు ఈ సెజిన్‌కోట్. పైన రాగి గుమ్మటం, ఇప్పుడు పచ్చబడింది. ముందుకు పొడుచుకొచ్చిన చూరుల్లాంటి చజ్జాలు, మూలల్లో చిన్న గుమ్మటాల ఛత్రీలు అచ్చం మొఘల్ కట్టడంలాగే ఉంటాయి. లోపల మాత్రం మామూలు ఇంగ్లీషు దొరల ఇల్లే. 1807లో అప్పటి ఇంగ్లాండ్ యువరాజు (తర్వాత నాలుగో జార్జ్ రాజు) వచ్చి చూసి ముచ్చటపడ్డాడట. తర్వాత సముద్రతీరాన బ్రైటన్‌లో ఆయన కట్టించుకున్న పెవిలియన్ అనే రాజభవనంలో ఆ ముచ్చట కనిపిస్తుంది.

నా మటుకు ఇంటికన్నా తోటే గొప్ప. మన దేశమంతా తిరిగి బొమ్మలు గీసిన ఇంగ్లీషు చిత్రకారుడు థామస్ డేనియల్ సలహాతో వేసిన తోట. పైన సూర్యుడి గుడి, కొలను, అక్కడి నుంచి దిగే వాగు. వంతెన కిందికి వెళ్తే నీళ్ళలో రాళ్ళ మీద అడుగులేస్తూ దాటొచ్చు. మేం గంటకు పైగా అక్కడే ఉండిపోయాం. ఇదంతా మన దేశం నుంచి వచ్చిన డబ్బే కదా అని గుర్తొస్తే మనసు చివుక్కుమంది. అందం మాత్రం అందమే.

లండన్ పాడింగ్టన్ నుంచి దగ్గరి ఊరైన మోర్టన్-ఇన్-మార్ష్‌కి నేరుగా రైలుంది, గంటన్నర పైనే పడుతుంది. అక్కడి నుంచి టాక్సీలో వెళ్ళాం. తిరుగు ప్రయాణానికి మాట్లాడుకున్న టాక్సీ రాక నలభై నిమిషాలు టెన్షన్ పడ్డాం. నడవగలిగితే పక్క ఊరు బోర్టన్-ఆన్-ద-హిల్ నుంచి పొలాల మధ్య కాలిబాట ఉంది, అదే మేలు. ఇల్లు చూపించేది కొన్ని నెలల్లో, కొన్ని మధ్యాహ్నాలే. రోజు చూసుకోకుండా బయల్దేరొద్దు. ఆరెంజరీలో (ఒకప్పుడు నారింజ మొక్కలు పెంచే అద్దాల గది) టీ, కేకు బాగున్నాయి.

రాత్రికి మోర్టన్‌లో ఒక పాత సత్రంలో దిగాం. గది శుభ్రంగా ఉంది, కానీ మెట్లు నిటారు. పెద్దవాళ్ళతో వెళ్తే కింది అంతస్తు గది ముందే అడగండి. కారుంటే దగ్గర్లోనే డేల్స్‌ఫర్డ్ ఉంది, అక్కడి చర్చి దగ్గర బెంగాల్ తొలి గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ సమాధి. మేం వెళ్ళలేదు. అమ్మ మర్నాడు పొద్దున మళ్ళీ నందుల దగ్గరికే వెళ్దామంది.