లేఖకుల సేవ: మా అమ్మాయికి పనికొచ్చిందా?

చూపులేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టే లేఖకులను సమకూర్చే ఒక స్వచ్ఛంద సంస్థలో, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నిరుడు చేరింది. అభ్యర్థి తానే తెచ్చుకునే లేఖకుని చదువు ఒక మెట్టు తక్కువగా ఉండాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పినందున, పదో తరగతి పరీక్షలకు ఈ వయసు పిల్లల అవసరం నిజంగానే ఉండేది. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉన్నా, తనకు తెలిసిన జవాబును నోట రానీయకుండా, ఎదుటివారు చెప్పింది తప్పయినా చెప్పినట్టే రాయడం ఎంత కష్టమో ఆమెకు మొదటి రోజే తెలిసింది. మేము ఏళ్ల తరబడి నేర్పలేకపోయిన ఓపికగా వినే అలవాటు అక్కడే అబ్బింది. అయితే సంస్థ శిక్షణ ఒక్క పూటతో ముగిసింది, రేఖాగణితం పటాల ఊసే లేదు. పరీక్షా కేంద్రం చిరునామా ముందురోజు రాత్రి గానీ తెలియలేదు. ధ్రువపత్రం ఇంకా రాలేదు, అమ్మాయి మాత్రం మళ్లీ పేరిచ్చింది.