పర్లాకిమిడి ఇల్లా, బరంపురం ఫ్లాటా?

రిటైరయ్యాక ఎక్కడుండాలి అంటే నా ఓటు బరంపురానికే, అలాగని పర్లాకిమిడి ఇంటిని తీసిపారేయలేను. 1936లో ఊరు ఒడిశాలో కలిసినా మా వీధి అరుగుల మీద తెలుగే నడిచింది, పొద్దున పాలవాడి కేక నుంచి రాత్రి గడియ పడేదాకా. పెంకుటిల్లు, పెరట్లో నుయ్యి, ఎండాకాలంలోనూ చల్లగా ఉండే నడవ. కానీ వానలకి ముందు పెంకు సర్దించాలి (సర్దేవాళ్లు దొరికితే కదా!), అరవై దాటాక నూతిలోంచి చేద లాగితే భుజం పట్టేస్తుంది, రాత్రిపూట ఆ ఎత్తు గడప దాటడం ఇంకో టెన్షన్. రైలుందిగా అంటారు. ఉంది, నారోగేజ్ పోయి బ్రాడ్‌గేజ్ వచ్చింది, అయినా అది నౌపడా–గుణుపురం బ్రాంచి లైనే.

బరంపురం హౌరా–చెన్నై మెయిన్ లైను మీద ఉంది, ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఊళ్లోనే, తెలుగువాళ్లకీ కొదవ లేదు. లిఫ్టుంది, అరుగు లేదు. పక్కింటావిడ తలుపు తీసి "ఏటమ్మా, ఈవేళ కూరేటి?" అని అడిగేసరికి చాన్నాళ్లే పట్టింది, ఇప్పుడు కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

ఇల్లు మాత్రం తొందరపడి అమ్మకండి. ముందు బరంపురంలో అద్దెకుండి చూడండి, పర్లాకిమిడి ఇంట్లో ఎవరినైనా కాపురం పెట్టండి, తాళం వేస్తే చెదలపాలే.