ప్రత్యేకాధికారి పాలనా, పాలకమండలా: తిరుపతికి ఏది మేలు?

తిరుపతి 2007లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. తొలి కార్పొరేటర్లు ఎన్నికైంది మాత్రం 2021 మార్చిలో. నడుమ కాలమంతా ఎన్నికైన పాలకమండలి (కౌన్సిల్) లేక, ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారులే నగరాన్ని ఏలారు. 2012లో కార్పొరేషన్ హోదా పొందిన చిత్తూరు 2014లోనే ఎన్నికలకు వెళ్లింది. కనుక రెండు పద్ధతులనూ తూచి చూడగల అనుభవం తిరుపతి వారికి కావలసినంత ఉంది.

ప్రత్యేకాధికారి పాలన బలం వేగం. కౌన్సిల్ తీర్మానం కోసం, స్టాండింగ్ కమిటీ ఆమోదం కోసం ఆగనక్కర లేదు. బ్రహ్మోత్సవాలకు ముందు రోడ్లు బాగుచేయాలన్నా, కాలువ మీది ఆక్రమణ తీసేయాలన్నా, ఓట్ల బెంగ లేని అధికారి వెనుకాడడు. ఇది చిన్న సుగుణమేమీ కాదు.

అయితే ఆస్తిపన్ను పెంచేదీ ఆ ఒక్క సంతకమే. పాలకమండలి ఉంటే ఆ ప్రతిపాదన అజెండాలోకి రావాలి, దానికి ఔనన్న కార్పొరేటరు రేపు అదే వీధిలో ఓటడగాలి. బడ్జెట్టు, పన్నులు, టెండర్లపై ప్రశ్నించడమే కార్పొరేటరు అసలు పని. కాలువలు తీయించేది కమిషనరు యంత్రాంగం. శంకుస్థాపన ఫొటోలో నిలబడటమే పదవి అనుకునే సభ్యులూ లేకపోలేదు.

2019లో వార్డు సచివాలయాలు వచ్చాక కార్పొరేటరు దేనికని అడిగేవారున్నారు. ధ్రువపత్రాలకు సచివాలయమే నయం. కానీ కాలువలోంచి తీసిన పూడికను గట్టునే వదిలేసి వెళితే, పని పూర్తయిందని ఫిర్యాదు మూసేస్తారు. ఆ మట్టి తర్వాతి వానకు మళ్లీ కాలువలోకే చేరుతుంది. బిల్లు చెల్లించేముందు పూడికను ఎత్తుకెళ్లారా లేదా అని సభలో నిలదీసే హక్కు ఎన్నికైన సభ్యునికే ఉంది.

పాలకమండలికీ లోపాలున్నాయి. 2021లో దాదాపు అన్ని స్థానాలూ ఒకే పార్టీకి దక్కాయి. ప్రశ్నించే గొంతు లేని సభకూ ప్రత్యేకాధికారి గదికీ పెద్ద తేడా ఉండదు. సగం స్థానాలు మహిళలవి కాగా, చాలాచోట్ల పెత్తనం భర్తలది.

అయినా నా మొగ్గు పాలకమండలి వైపే. గడువు తీరేలోపే ఎన్నికలు జరపాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతోంది. తప్పనిసరైతే కొన్ని నెలలు ప్రత్యేకాధికారిని ఓర్చుకోవచ్చు, ఏళ్లకేళ్లు కాదు. ఏ తీర్మానానికి ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో ప్రతి డివిజన్ సచివాలయం నోటీసు బోర్డులో అంటించగలిగితే, ఓటరు చేతికి లెక్క అందుతుంది.