రేడియోకు జీపీఎస్ ఎక్కణ్ణుంచి ఇవ్వాలి? ప్లాటర్ వైరు, నెట్‌వర్క్, సెట్టులోపలి జీపీఎస్: ఏది మేలు?

బోటులో కొత్త వీహెచ్ఎఫ్ సెట్టు (సముద్రంలో వాడే రేడియో) బిగించుకుంటున్న వాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. “ప్లాటర్ (మ్యాప్ మీద బోటు స్థానం చూపే పరికరం) ఎలాగూ ఉంది. దాన్నుంచి రెండు వైర్లు లాగితే సరిపోదా? లోపలే జీపీఎస్ ఉన్న సెట్టుకు అదనంగా డబ్బు పెట్టడం దండగ కదా?” ఈమధ్య మా బోటులో పాత సెట్టు మార్చాల్సి వచ్చినప్పుడు నేనూ ఇవే లెక్కలు వేసుకున్నాను. డీఎస్‌సీ (ఎర్ర బటన్ నొక్కితే అపాయ సందేశాన్ని అంకెల రూపంలో పంపే ఏర్పాటు) ఏం చేస్తుందో, ఎంఎంఎస్ఐ నంబరు (ఆ సందేశంతో వెళ్లే గుర్తింపు సంఖ్య) ఎందుకో మీకు తెలుసుననుకుని నేరుగా విషయానికి వస్తాను.

ముందుగా ఒక వాదన పక్కన పెట్టేద్దాం. ఏ జీపీఎస్ ఎక్కువ కచ్చితం అన్న చర్చ ఇక్కడ అనవసరం. డీఎస్‌సీ అపాయ సందేశంలో స్థానానికి కేటాయించింది 10 అంకెలే. మొదటిది ఉత్తరమా దక్షిణమా, తూర్పా పడమరా అన్నది చెబుతుంది. మిగిలిన తొమ్మిదిలో అక్షాంశ రేఖాంశాల డిగ్రీలు, నిమిషాలు సర్దుకోవాలి. నిమిషంలో భాగాలకు చోటు లేదు. అక్షాంశం మీద ఒక్క నిమిషం అంటే దాదాపు 1852 మీటర్లు. ఆ భాగాలను వెనువెంటనే విడిగా పంపే పద్ధతి ఉంది, అన్ని సెట్లలోనూ ఉండదు. కాబట్టి మీ యాంటెనా మూడు మీటర్ల తేడాతో చూపినా పది మీటర్ల తేడాతో చూపినా రేడియో పంపే ఆ మొదటి సందేశం దాదాపు మారదు.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే. రేడియోకు కరెంటు అందుతున్నంతసేపూ దానికి స్థానం తెలుస్తూ ఉండాలి. ఆ సమయంలో ఇంకో పెట్టె కూడా ఆన్‌లో ఉండాలి అన్న షరతు ఉండకూడదు.

ఎందుకంటారా? ప్లాటర్ ఆగిపోయే సందర్భాలు చూడండి. రాత్రి లంగరు వేశాక బ్యాటరీ మిగలాలని మనమే దాన్ని ఆపేస్తాం, అపాయ పిలుపులు వచ్చే 16వ ఛానల్ వినడానికి రేడియోను మాత్రం ఉంచుతాం. నీరసించిన బ్యాటరీతో ఇంజిన్ స్టార్ట్ చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయి ప్లాటర్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. వైరింగులో నీళ్లు చేరితే ఏ ఫ్యూజు ముందు పోతుందో ఎవరూ చెప్పలేరు. వీటిలో ఏది జరిగినా రేడియో పనిచేస్తూనే ఉంటుంది, కానీ దాని దగ్గరున్నది పాత స్థానం. చాలా సెట్లు చివరిగా అందిన స్థానాన్ని, దాని సమయంతో సహా, 23 గంటల 30 నిమిషాల దాకా అట్టే పెట్టుకుంటాయి. ఇంజిన్ ఆగిన బోటు 2 నాట్ల వేగంతో మూడు గంటలు కొట్టుకుపోతే ఆ పాత స్థానానికి ఆరు నాటికల్ మైళ్ల దూరంలో ఉంటుంది. అసలు స్థానమే లేకపోతే రేడియో ఆ 10 అంకెల చోటా వరసగా తొమ్మిదులు, సమయం చోట నాలుగు ఎనిమిదులు నింపి పంపుతుంది. ఎర్ర బటన్ నొక్కినవాడికి అంతా సరిగ్గా వెళ్లినట్టే ఉంటుంది. ఇది అరుదైన సంగతి కాదు: తమకు అందే వీహెచ్ఎఫ్ డీఎస్‌సీ అపాయ సందేశాల్లో సుమారు 90 శాతం వాటిలో స్థానమే ఉండటం లేదని అమెరికా కోస్ట్ గార్డ్ 2010లో ఒక భద్రతా హెచ్చరికలో చెప్పింది. రేడియో ఉంది, జీపీఎస్ ఉంది, రెంటినీ కలపలేదు, లేదా కలిపింది ఊడిపోయింది.

ఈ కొలబద్దతో ఒక్కోటి చూద్దాం.

ఎన్ఎంఈఏ 0183 (బోటు పరికరాలు ఒకదానికొకటి సమాచారం పంపుకునే ప్రమాణం) వైరు పాతది, చవకది. ప్లాటర్ అవుట్‌పుట్‌లోని ప్లస్‌ను రేడియో ఇన్‌పుట్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు కలపాలి. ప్లాటర్ సెట్టింగుల్లో ఆ పోర్టు వేగాన్ని 4800 బాడ్‌కు పెట్టి, స్థానాన్ని చెప్పే ఆర్ఎంసీ, జీజీఏ, జీఎల్ఎల్ అనే వాక్యాలు బయటికి వెళ్తున్నాయో లేదో చూసుకోవాలి. వైర్ల రంగులను మాత్రం నమ్మకండి. ఒక కంపెనీ పచ్చ ఇంకో కంపెనీ పచ్చ కాదు, రెండు మాన్యువళ్లూ ముందు పెట్టుకునే కలపాలి. కొన్ని పాత పరికరాలకు ఒక్క సిగ్నల్ వైరే ఉంటుంది, అప్పుడు రేడియో ఇన్‌పుట్ మైనస్‌ను ఆ పరికరం గ్రౌండ్‌కు ఇవ్వాలి. చెప్పేది ఒకరే ఉండాలి, వినేవాళ్లు ఒకరికంటే ఎక్కువమంది ఉండొచ్చు. రెండు జీపీఎస్‌ల అవుట్‌పుట్‌లను ఒకే వైరుకు కలిపితే ఏదీ సరిగ్గా అందదు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది, మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చినవాడు ఎవరైనా దీన్ని బాగుచేసుకోగలడు. నచ్చనిది అతుకు. ఉప్పుగాలిలో, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు లోపల్లోపలే పచ్చబడి తెగుతుంది, రేడియోలో మాట మామూలుగానే వినిపిస్తూ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తగరం పూత ఉన్న రాగి వైరు, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వాడండి. ఇక ఇప్పటి చిన్న ప్లాటర్లలో కొన్నిటికి 0183 పోర్టే ఉండటం లేదు.

పరికరాలన్నిటినీ ఒకే కేబులు మీద కలిపే నెట్‌వర్క్ ఎన్ఎంఈఏ 2000లో ఈ వైర్ల గొడవ లేదు. ప్లగ్గు బిగిస్తే చాలు, రేడియోకు స్థానం వచ్చేస్తుంది. సెకనుకు 250 కిలోబిట్ల వేగం రేడియో అవసరానికి చాలా ఎక్కువ. అసలు లాభం వేరే ఉంది. నెట్‌వర్క్ మీద రెండు మూడు జీపీఎస్‌లు ఉంటే ఒకటి ఆగినప్పుడు ఇంకోదాన్ని తీసుకునే సెట్లు ఉన్నాయి. అందుకే ప్లాటర్ మీద మాత్రమే ఆధారపడే 0183 కంటే ఇది ఒక మెట్టు పైనే. కానీ నెట్‌వర్క్‌కు తన కరెంటు తనకు కావాలి. దాని ఫ్యూజు పోతే అందరూ ఒకేసారి మూగబోతారు. కేబులు రెండు చివర్లలో బిగించే 120 ఓముల టెర్మినేటర్లలో (రెసిస్టర్లలో) ఒకటి ఊడినా పరికరాలు కనిపించి మాయమవుతూ సతాయిస్తాయి. బోటులో ఇప్పటికే ఈ నెట్‌వర్క్ ఉంటే రేడియోను తప్పకుండా దానికి కలపండి. రేడియో కోసమే కొత్తగా వేయడం మాత్రం నేను చేయను.

సెట్టులోపలే జీపీఎస్ ఉంటే నా షరతు పూర్తిగా నెరవేరుతుంది. ఒకే పెట్టె, ఒకే ఫ్యూజు. రేడియో బతికి ఉంటే స్థానం కూడా ఉన్నట్టే. దీనికి ఉన్న నిజమైన ఇబ్బంది క్యాబిన్ పైకప్పు. ఫైబర్‌గ్లాసు, చెక్క అయితే ఉపగ్రహ సిగ్నల్ దాదాపుగా లోపలికి వస్తుంది. ఉక్కు, అల్యూమినియం, కార్బన్ ఫైబర్ అయితే రాదు, లేదా వచ్చి పోతూ ఉంటుంది. అలాంటి బోటుకు బయటి జీపీఎస్ యాంటెనా పెట్టుకునే వీలున్న సెట్టు చూసుకోవాలి. బిగించక ముందే, సెట్టును పెట్టబోయే చోట పట్టుకుని తాత్కాలికంగా కరెంటిచ్చి ఉపగ్రహాల స్క్రీన్ చూడండి.

నేను ఎంచుకున్నది ఇదే, అయితే ప్లాటర్‌ను వదిలేయలేదు. రేడియో నుంచి ప్లాటర్‌కు 0183 వైర్లు వేశాను. ఇంకో బోటు ఆపదలో ఉండి డీఎస్‌సీ పిలుపు పంపితే, వాళ్ల స్థానం ఆ వైరు మీదుగా వచ్చి మ్యాప్ మీద గుర్తుగా పడుతుంది. చీకట్లో అంకెలు కాగితం మీద రాసుకుని, మళ్లీ ప్లాటర్‌లో టైపు చేసే అవస్థ ఉండదు. సెట్టులో జీపీఎస్ ఉంది కదా అని ఈ వైర్లు మానేసేవాళ్లు ఎదుటివాళ్లను వెతికే సౌకర్యాన్ని వదులుకుంటున్నారు.

మిగతావి క్లుప్తంగా. ఏఐఎస్ ట్రాన్స్‌పాండర్‌కు (బోటు స్థానాన్ని చుట్టుపక్కల ఓడలకు పంపే పెట్టెకు) సొంత జీపీఎస్ ఉంటుంది, దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే ప్లాటర్ కంటే మంచి మూలమే. దాని 0183 పోర్టు సాధారణంగా 38400 బాడ్‌లో ఉంటుంది, మీ రేడియో ఆ వేగాన్ని తీసుకుంటుందో లేదో చూడండి. చేత్తో స్థానం టైపు చేయడం ఏమీ లేనప్పటి దారి, నాలుగు గంటలకోసారైనా మార్చాలి. జీపీఎస్ ఉన్న చేతి సెట్టు అదనంగా ఉంటే మంచిదే, పెద్ద సెట్టు స్థానంలో కాదు.

ఏ పద్ధతి పెట్టుకున్నా పరీక్ష ఒకటే. రేడియో ఆన్‌లో ఉంచి, ప్లాటర్‌ను, నెట్‌వర్క్‌ను ఆపేయండి. అయిదు నిమిషాలు ఆగి రేడియో స్క్రీన్ మీద సమయం చూడండి. అది ముందుకు కదులుతుంటే స్థానం తాజాగా వస్తోంది. ఆగిపోతే మీరు చూస్తున్నది పాతది. ఎర్ర బటన్ జోలికి మాత్రం వెళ్లకండి, డీఎస్‌సీ మెనూలో టెస్ట్ కాల్ విడిగా ఉంటుంది.