ఎంపీసీకి పెయిడ్ ప్లగిన్లు కొనొచ్చా? వాడి చూసి రాస్తున్నా

అకాయ్ ఎంపీసీకి (కంప్యూటర్ లేకుండానే పాటలు చేసుకునే ప్యాడ్ల మెషీన్) విడిగా డబ్బులు పెట్టి కొనే ఇన్‌స్ట్రుమెంట్ ప్లగిన్లు, అంటే అదనపు వాయిద్యాల సౌండ్ సాఫ్ట్‌వేర్లు, వర్త్ ఆ కాదా అని చాలామంది అడుగుతున్నారు, ముఖ్యంగా ఇంట్లోనే చిన్న సెటప్ పెట్టుకుని ఫోక్ సాంగ్స్, షార్ట్ ఫిల్మ్‌లకి బీజీఎం చేసుకునే తమ్ముళ్లు. ముందే చెప్పేస్తున్నా, ఒకటో రెండో కొనండి, బండిల్ మాత్రం వద్దు. ఏ ఒకటి, ఏ రెండు అన్నదే అసలు సంగతి, అది మీ పాట పూర్తయ్యేది ఆ డబ్బా మీదనా లేక కంప్యూటర్ మీదనా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నా దగ్గరున్నది ఎంపీసీ వన్ ప్లస్, 2023లో వచ్చిన మోడల్. ర్యామ్ 2 జీబీ, లోపల స్టోరేజ్ 16 జీబీ, వైఫై ఉంది. దీనికంటే ముందు 2020లో వచ్చిన మామూలు వన్‌లో వైఫై లేదు, లోపల స్టోరేజ్ కూడా చాలా తక్కువ, కాబట్టి అది ఉన్నవాళ్లు ప్లగిన్ ఆలోచన పెట్టుకుంటే ముందు మంచి ఎస్డీ కార్డు తీసుకోవాలి. ఇంకో విషయం కొత్తవాళ్లకి తెలియాలి. కంప్యూటర్‌లో వాడే కాంటాక్ట్, ఆమ్నిస్ఫియర్ లాంటి ప్లగిన్లు ఇందులో స్టాండలోన్‌గా, అంటే కంప్యూటర్ లేకుండా, నడవవు. ఎంపీసీని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి కంట్రోలర్‌లా వాడితే నడుస్తాయి, కేబుల్ తీసేస్తే ఎంపీసీ కోసమే తయారైన ప్లగిన్లు మాత్రమే నడుస్తాయి. అందుకే ఈ పెయిడ్ ప్లగిన్ల మార్కెట్ అసలు పుట్టింది.

అయితే కొనేముందు ఫ్రీగా ఏమున్నాయో పూర్తిగా చూడండి, చాలామంది చూడట్లేదు. బేస్‌కి బేస్‌లైన్, మామూలు సింథ్ (ఎలక్ట్రానిక్‌గా సౌండ్ పుట్టించే వాయిద్యం) పనికి ట్యూబ్‌సింథ్, ఎలక్ట్రిక్ పియానోకి ఎలక్ట్రిక్, రెడీమేడ్ ప్రీసెట్లతో పని త్వరగా కావాలంటే హైప్, డ్రమ్స్‌కి డ్రమ్‌సింథ్, వీటితో పాటు మెలోట్రాన్, సొలీనా, ఒడిస్సీ కూడా ఉన్నాయి. సొలీనా అంటే 1974లో వచ్చిన స్ట్రింగ్ మెషీన్‌కి నకలు, ఒడిస్సీ అంటే 1972 నాటి ఆర్ప్ సింథ్‌కి నకలు. ఇవి పేరుకి ఫ్రీ కానీ తీసిపారేసేవి కాదు, సొలీనా మీద కాస్త రివర్బ్ వేసి వెనకాల పెట్టండి, పాత మెలోడీ పాటల ఇంటర్‌లూడ్‌లో వచ్చే ఆ పలచని స్ట్రింగ్స్ ఫీల్ వెంటనే వస్తుంది. ఇవన్నీ తిప్పి చూసి, మీ పాటలో ఇంకా ఫలానా సౌండ్ లేదు అని వేలు పెట్టి చూపించగలిగితేనే కార్డు బయటికి తీయండి.

ఇప్పుడు నేను కొన్నవాటి గురించి.

ఓపీఎక్స్-4 మొదట కొన్నాను, ఇప్పటికీ ఎక్కువ వాడేది ఇదే. ఇది నాలుగు ఆపరేటర్ల ఎఫ్ఎం సింథ్, అంటే ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించి సౌండ్ పుట్టించేది, ఆ తరంగాలు పుట్టించే భాగాలే ఆపరేటర్లు. 1983లో యమహా డీఎక్స్7 వచ్చాక ప్రపంచమంతా, మన సినిమా పాటలతో సహా, ఆ గంటల్లాంటి ఎలక్ట్రిక్ పియానో, ఆ గాజు లాంటి బెల్స్, ఆ గట్టి స్లాప్ బేస్ సౌండ్లతో నిండిపోయింది కదా, ఆ జాతి సౌండ్లు ఇందులో పుష్కలంగా ఉన్నాయి. డీఎక్స్7లో ఆరు ఆపరేటర్లు, ఇందులో నాలుగే, కానీ వినేటప్పుడు ఆ లోటు నాకెప్పుడూ తెలియలేదు. ఎఫ్ఎం విషయంలో నేను డబ్బు పెట్టడానికి కారణం ఏంటంటే ఈ సౌండ్‌ని శాంపిల్ చేస్తే, అంటే రికార్డ్ చేసి వాయిస్తే, ప్రాణం పోతుంది. మీరు కీ నెమ్మదిగా నొక్కితే ఒక రంగు, గట్టిగా కొడితే ఇంకో రంగు, మధ్యలో మెట్లు లేకుండా మారుతూ ఉంటుంది, దాన్ని నాలుగు వెలాసిటీ లేయర్లలో (నొక్కే బలాన్ని బట్టి మారే రికార్డింగులు) పట్టుకుందామంటే మెట్లు వినిపిస్తాయి. పైగా ఎంపీసీ మీదుండే క్యూలింక్ నాబ్ తిప్పుతూ సౌండ్‌ని పాట మధ్యలో మార్చడం శాంపిల్‌తో కుదరదు. ర్యామ్ కూడా పెద్దగా తినదు ఎందుకంటే అక్కడ రికార్డింగులు ఏమీ లేవు, అంతా ప్రాసెసర్ అక్కడికక్కడ లెక్కకట్టే సౌండే.

రెండోది జురా. 1982 నాటి జూనో-60 స్టైల్‌లో చేసిన సింథ్. జూనోలో ఒక్కో వాయిస్‌కి ఒకే ఆసిలేటర్ (అసలు సౌండ్ పుట్టించే భాగం) ఉంటుంది, ఆ బక్క సౌండ్‌ని వెడల్పు చేసేది దాని కోరస్, జురాలో కూడా ఆ కోరస్ ఆన్ చేయగానే పాడ్ (వెనకాల నిలిచి ఉండే మెత్తని సౌండ్) మొత్తం గదంతా పరుచుకుంటుంది. చర్చి పాటలు చేసే ఫ్రెండ్ ఒకడు నా దగ్గర విని అదే రోజు తీసుకున్నాడు, వాళ్లకి వర్షిప్ పాడ్స్ రోజూ కావాలి కాబట్టి వాడికి కరెక్టే. కానీ ట్యూబ్‌సింథ్‌లో కూర్చుని ఓపికగా ప్యాచ్ (సొంత సౌండ్) చేసుకునేవాళ్లకి జురా తప్పనిసరి అని నేను చెప్పను. ఇందులో స్క్రీన్ మీద స్లైడర్లు తక్కువ, ఏది కదిపినా మంచిగానే వినిపిస్తుంది, పని త్వరగా అవుతుంది. ఆ వేగానికి మీరు డబ్బు ఇస్తున్నారు అని అనుకుని కొనండి.

మూడోది స్టేజ్ పియానో, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే శాంపిల్ చేసుకోగలిగింది కొనొద్దు అని నేనే అందరికీ చెప్తుంటాను, మరి పియానో ఎందుకు కొన్నావ్ అని అడుగుతారు. ఎంపీసీలో ఆటో శాంప్లర్ అని ఒక ఫీచర్ ఉంది. కంప్యూటర్‌లో ఉన్న ప్లగిన్ గానీ బయటున్న కీబోర్డ్ గానీ, దాన్ని నోట్ తర్వాత నోట్ దానంతట అదే వాయించి, రికార్డ్ చేసుకుని, కీగ్రూప్‌గా, అంటే కీల మీద పరిచిన వాయిద్యంగా, కట్టిచ్చేస్తుంది. బంగారం లాంటి ఫీచర్. మరి పియానో లెక్క చూడండి. స్టీరియో 16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి దాదాపు 176 కేబీ. ఒక నోట్ పది సెకన్లు మోగాలంటే 1.76 ఎంబీ. 88 కీలకి నాలుగేసి వెలాసిటీ లేయర్లు తీస్తే 352 శాంపిళ్లు, అంటే సుమారు 620 ఎంబీ. కీగ్రూప్ శాంపిళ్లన్నీ ర్యామ్‌లోకి ఎక్కాలి, ఉన్నదే 2 జీబీ, అందులో సిస్టమ్ వాడుకునేది పోగా మిగిలిన దాంట్లో మూడో వంతుకి పైగా ఒక్క పియానోకే పోతే ఇక డప్పు లూప్స్, వోకల్స్ ఎక్కడ పెడతాం? మూడు కీలకి ఒకటి చొప్పున తీస్తే 210 ఎంబీ దగ్గరికి దిగుతుంది కానీ మధ్య నోట్లు సాగదీసినట్టు వినిపిస్తాయి, బ్యాండ్ మిక్స్‌లో దాక్కుంటుంది గానీ పియానో ఒక్కటే ఉండే పల్లవిలో దొరికిపోతుంది. నాకు పియానో మీద ఆధారపడే పాటలు ఎక్కువ, కాబట్టి కొన్నాను, హ్యాపీ. పియానో వెనకాల ఎక్కడో మాత్రమే వాడేవాళ్లు ఆటో శాంప్లర్‌తో సరిపెట్టుకోండి, నిజంగా సరిపోతుంది.

ట్రయల్‌లో చూసి వదిలేసినవి కూడా చెప్తా. మినీ డీ అనేది 1970 నాటి మినీమూగ్ మోడల్ డీ తరహా, బేస్ చాలా లావుగా వస్తుంది, వింటే ఎవరికైనా నచ్చుతుంది. కానీ ఫ్రీగా బేస్‌లైన్, ఒడిస్సీ ఉన్నాయి, ఫోన్ స్పీకర్లో, ఆటో స్పీకర్లో వినే పాటకి ఆ తేడా కోసం డాలర్లు పెట్టడం నాకు సబబుగా అనిపించలేదు. ఫ్యాబ్రిక్ ఎక్స్ఎల్‌లో ప్రీసెట్లు బోలెడు, సినిమా బీజీఎం లాంటి టెక్స్చర్లు, పాడ్లు బాగున్నాయి, బీజీఎంలే మీ పని అయితే దీన్ని సీరియస్‌గా చూడండి, కాకపోతే కంటెంట్ బరువు ఎక్కువ, స్టోరేజ్ ముందే చూసుకోవాలి. స్టూడియో స్ట్రింగ్స్ పర్వాలేదు. పెద్ద కంప్యూటర్ లైబ్రరీలతో పోల్చి వినకండి, ఆ లెవెల్ ఆశించి కొంటే నిరాశే.

ఇప్పుడు నాకు గట్టిగా చెప్పాలనిపించే మాట. ఈ ప్లగిన్లలో మన వాయిద్యాల కోసం కొనదగ్గది ఏదీ నాకు దొరకలేదు. డప్పు, డోలు, నాదస్వరం, వీణ, వీటి కోసం ఈ ప్లగిన్ లిస్ట్ తిరగేసి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. అసలు ఎంపీసీ పుట్టిందే శాంప్లర్‌గా, 1988లో రోజర్ లిన్ డిజైన్ చేసిన ఎంపీసీ60 దగ్గర్నుంచీ దాని బలం అదే. మీ ఊళ్లో డప్పు కొట్టేవాళ్లని పిలిచి, వాళ్లకి ఇవ్వాల్సిన డబ్బులు ఇచ్చి, ఒక పూట కూర్చోబెట్టి ఒక్కో దెబ్బా విడిగా, మెల్లగా కొట్టింది, గట్టిగా కొట్టింది, చేత్తో కొట్టింది, చిర్ర పుల్లతో కొట్టింది, డప్పు కాచక ముందు, కాచిన తర్వాత, అన్నీ రికార్డ్ చేసుకోండి. 16 ప్యాడ్ల మీద అవి పరుచుకుంటే వచ్చే తీన్మార్ ముందు ఏ పెయిడ్ ప్యాకూ నిలబడదు, పైగా ఆ సౌండ్ మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఒక పెద్ద ప్లగిన్ లిస్ట్ ప్రైస్ వంద డాలర్ల రేంజ్‌లో ఉంటుంది, మన డబ్బుల్లో తొమ్మిది వేల చుట్టూ, ఆ డబ్బుతో ఓ మాదిరి కండెన్సర్ మైక్ వచ్చేస్తుంది. డప్పు పాటలు చేసేవాళ్లకి నేను ఎప్పుడైనా మైకే కొనమంటాను.

నాదస్వరం, వీణ మాత్రం ఇంత సులువు కాదు. ఒక్కో స్వరం విడివిడిగా శాంపిల్ చేసి కీబోర్డ్ మీద వాయిస్తే గమకం రాదు, స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే ఆ జారుడే కదా ఆ వాయిద్యం. వీటికి నేను చేసేది విద్వాంసుడితో ఆ రాగంలో చిన్న చిన్న ఫ్రేజులు మొత్తంగా వాయించి రికార్డ్ చేసుకోవడం, శ్రుతి పాటదే పెట్టుకుని. లీడ్ నేనే వాయించాలంటే ఒడిస్సీలో పోర్టమెంటో (స్వరం నుంచి స్వరానికి జారే సెట్టింగ్) పెట్టి, పిచ్ వీల్ ఉన్న మిడీ కీబోర్డ్ తగిలించి వాయిస్తా, నాదస్వరం అని మభ్యపెట్టదు గానీ జారుడు పలుకుతుంది, పాటకి నిండుతనం ఇస్తుంది.

ఇండియన్ టోన్స్ పేరుతో పెన్‌డ్రైవ్‌లో, వాట్సాప్‌లో అమ్మే ప్యాకులు కూడా చాలామంది కొంటున్నారు, కీబోర్డులకైనా ఆక్టోప్యాడ్‌కైనా. ఒక ప్యాక్ నేనూ విన్నాను, తబలా ఒక గదిలో తీసినట్టు, డోలక్ ఇంకో గదిలో తీసినట్టు ఉన్నాయి, అమ్మే అతన్ని ఇవి ఎవరు వాయించారు అంటే సమాధానం లేదు. ఎవరి లైబ్రరీ నుంచి ఎత్తారో తెలియని సౌండ్ మీ పాటలో పెట్టుకుని యూట్యూబ్‌లో పెడితే రేపు క్లెయిమ్ వస్తే తలనొప్పి మీదే, వాయించిన కళాకారుడికి పైసా చేరదు, అది ఇంకా బాధ. కొంటే వాయించినవాళ్ల పేరు, లైసెన్స్ రాసి ఉన్నవే కొనండి.

కంప్యూటర్‌లోనే మిక్స్ చేసి పాట ముగించే వాళ్లకి ఒక మాట. మీ దగ్గర ఇప్పటికే మంచి సింథ్ ప్లగిన్లు ఉంటే ఎంపీసీ పెయిడ్ ప్లగిన్లు డబుల్ ఖర్చే. ఎంపీసీలో ఫ్రీ సౌండ్‌తో ఐడియా వేసుకుని, మిడీ (ఏ నోట్ ఎప్పుడు వాయించామన్న సమాచారం) కంప్యూటర్‌కి తీసుకెళ్లి అక్కడ సౌండ్ మార్చుకోవచ్చు. నేను ప్రయాణంలో, కరెంట్ లేనప్పుడు పవర్ బ్యాకప్ మీద, స్క్రీన్ ముందు కూర్చోవడం ఇష్టం లేనప్పుడు ఈ డబ్బా మీదే మిక్స్ దాకా వెళ్తాను, అందుకే నాకు ఆ మూడూ గిట్టుబాటు అయ్యాయి.

వేరే కంపెనీల హార్డ్‌వేర్‌లోనూ ఇదే ట్రెండ్. రోలాండ్ ఫాంటమ్ ఉన్నవాళ్లకి జూపిటర్-8, జూనో-106 లాంటి పాత సింథ్‌ల మోడల్ ఎక్స్‌పాన్షన్లు అమ్ముతున్నారు. యమహా పీఎస్ఆర్ ఎస్ఎక్స్ సిరీస్‌కి ఎక్స్‌పాన్షన్ ప్యాకులు ఉంటాయి, స్టేజ్ మీద వాయించేవాళ్లకి అవి చాలా అవసరం కూడా, అక్కడ శాంపిల్ చేసుకుంటూ కూర్చునే టైమ్ ఉండదు కాబట్టి నా లెక్క వాళ్లకి వర్తించదు.

కొనే పద్ధతి గురించి. బిల్లు డాలర్లలో వస్తుంది, కార్డుకి ఇంటర్నేషనల్ ఆన్ చేసి ఉండాలి, ఫారెక్స్ మార్కప్, దాని మీద జీఎస్టీ కూడా లెక్కేసుకోండి. నవంబర్‌లో బ్లాక్ ఫ్రైడే టైమ్‌లో తగ్గింపులు బాగుంటాయి, తొందర లేకపోతే అప్పటిదాకా ఆగండి. లైసెన్స్ మీ అకౌంట్‌కి ముడిపడి ఉంటుంది, అందుకని సెకండ్ హ్యాండ్ ఎంపీసీ కొనేటప్పుడు "అన్నా ఇందులో పదివేల రూపాయల ప్లగిన్లు ఉన్నాయి" అని రేటు పెంచి చెప్తే ఒప్పుకోకండి, ఆ అకౌంట్ మీ చేతికి రానంతవరకు అవి మీవి కావు. అన్నిటికంటే ముందు ట్రయల్ వేసుకోండి, కానీ ప్రీసెట్లు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ ట్రయల్ గడిపేయొద్దు, అలా వింటే ప్రతిదీ నచ్చుతుంది. సగంలో ఆగిన మీ పాట ఒకటి తెరిచి, ఆ పాటలో ఆ ప్లగిన్ ఒక ట్రాక్ వాయించి, మిగతావన్నీ ఆన్ చేసి, వెనకాల సీపీయూ మీటర్ ఎంత చూపిస్తుందో కూడా చూడండి. పాత సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రాజెక్ట్‌లో ఎనిమిది ప్లగిన్ ట్రాకులే లిమిట్, ఆ ఎనిమిదిలో ఈ కొత్త ప్లగిన్‌కి నిజంగా చోటు ఉందా అన్నది అప్పుడే తేలిపోతుంది.